ఇమాముకు నెల జీతం

టర్కీలో మసీదు ఇమాము ప్రభుత్వోద్యోగి. నెలనెలా జీతం, రిటైరైతే పెన్షను. శుక్రవారం ఆయన చదివే ఖుత్బా (మత ప్రసంగం) కూడా ‘దియానెత్’ అనే మతవ్యవహారాల శాఖ రాయించి పంపిందే. రాజ్యాంగం రెండో అధికరణం మాత్రం ఇది లౌకిక రాజ్యమంటుంది. మన దేవాదాయ శాఖ గుర్తొస్తోందా? గుడికి ఈవోను వేసేది మన ప్రభుత్వమే గానీ, పూజారి ఏం చెప్పాలో రాసివ్వదు.

1924 మార్చి 3న అంకారా పార్లమెంటు ఖిలాఫత్‌ను రద్దు చేసింది. దియానెత్‌ను పెట్టిందీ ఆ రోజే. ఆఖరి ఖలీఫా అబ్దుల్ మెజీద్‌ను కుటుంబంతో సహా దేశం దాటించారు. (వెంట వెళ్ళిన పదేళ్ళ కూతురే తర్వాత నిజాం పెద్ద కోడలైన దుర్రు షెహ్వార్. పురానీ హవేలీలో ఆమె పేరిట ఆసుపత్రి ఉంది.) ఖలీఫాను సాగనంపిన అధ్యక్షుడు ముస్తఫా కెమాల్ (అతాతుర్క్) మసీదును దాని మానాన వదిలెయ్యలేదు, పగ్గం తన చేతికి తీసుకున్నాడు. 1932 నుంచి అజాన్ టర్కిష్‌లోనే ఇవ్వాలన్నారు. ‘అల్లా’ బదులు ‘తాన్రీ’ అనాలి. అరబీలో ఇస్తే జైలని 1941లో చట్టమూ చేశారు. తెల్లవారుజామున మినారెక్కిన మనిషి ఏ భాషలో నోరు విప్పాలో పోలీసు చెబుతుంటే, దాన్ని లౌకికమనడానికి నాకు నోరు రాదు. 1950లో గద్దెనెక్కిన మెందెరెస్ ప్రభుత్వం నెల తిరక్కుండానే, జూన్‌లో, ఆ నిషేధం ఎత్తేసింది.

తలగుడ్డ సంగతీ అంతే. 1999లో ఎంపీగా ఎన్నికైన మెర్వె కవాక్చి తలగుడ్డతో సభకొస్తే ప్రమాణం చెయ్యనివ్వలేదు. 2013లో అప్పటి ప్రధాని ఎర్దోగాన్ పార్టీ మహిళలు నలుగురు తలగుడ్డలతోనే ఆ సభలో కూర్చున్నారు. ఇది న్యాయమే. అయితే ఎర్దోగాన్ దియానెత్ జోలికి పోలేదు. ఎందుకు పోతాడు? కెమాల్ చేయించిన కుర్చీ ఆయనకూ సరిగ్గా సరిపోయింది. ఇస్తాంబుల్‌లో మ్యూజియంగా ఉన్న హగియా సోఫియాను మళ్ళీ మసీదు చేసి, 2020 జులై 24న తొలి శుక్రవారం నమాజు జరిపినప్పుడు, అప్పటి దియానెత్ అధిపతి అలీ ఎర్బాష్ చేతిలో కత్తి పట్టుకుని మెట్లెక్కి ఖుత్బా చదివాడు. ఆయనదీ ప్రభుత్వ జీతమే.

పగ్గం ఎవరి చేతికి మారినా నలిగేది సున్నీలు కాని అలెవీలనే మైనారిటీ. వాళ్ళు కట్టే పన్నులూ దియానెత్‌కు పోతాయి, ఆ శాఖ నడిపేది సున్నీ మసీదులను. ఆడామగా కలిసి కూర్చుని, సాజ్ మీటుతూ వాళ్ళు ప్రార్థన చేసుకునే జెమెవీలకు మసీదుతో సమానంగా ఆరాధనా స్థలమన్న హోదా చట్టం ఇవ్వలేదు. పోరగా పోరగా 2022లో వాళ్ళకూ ఒక ప్రభుత్వ కార్యాలయం తెరిచారు. సాంస్కృతిక, పర్యాటక శాఖ కింద.