ఫైళ్ల తక్సీమ్ అయింది, ఇన్సాఫ్ ఎక్కడ?

మా ఖాలా నఫఖా కోసం, అంటే భరణం కోసం దావా వేసి నాలుగేళ్లయింది. గవాహీ సగమైందో లేదో, "మీ మండలం వేరే కోర్టు పరిధిలోకి పోయింది" అన్నారు. ఫైలు కొత్త కోర్టుకెళ్లింది. పాత వకీలు అంత దూరం రానన్నాడు. కొత్త వకీలు, మళ్లీ ఫీజు. నఖ్షాలో కొత్త కోర్టు దగ్గరే. మా ఊరి బస్సు మాత్రం ఇప్పటికీ పాత టౌనుకే పోతుంది. రెండు బస్సులు మారి చేరేసరికి కేసు పిలవడం అయిపోయింది. ఖాలాకి దక్కింది ఇంకో వాయిదా.

హద్దులు మార్చడమే తప్పని నేననడం లేదు. తెలంగాణలో 2016 అక్టోబర్ 11న పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి, 2019లో ముప్పై మూడు. 2022 జూన్ 2న కొత్త న్యాయ జిల్లాలు మొదలయ్యాయి. చాలామందికి అదాలత్ దగ్గరైంది. ఆ మాట ఒప్పుకోకపోతే బేఈమానీ అవుతుంది.

నా షికాయత్ హిసాబు మీద. ఒక కోర్టులో వెయ్యి ఫైళ్లుంటే నాలుగొందలు పక్క కోర్టుకి పంపి "బోజు సమానం చేశాం" అంటారు. పక్క కోర్టులో జడ్జి కుర్చీ ఖాళీగా ఉంటే? అదే జడ్జి ఇన్‌చార్జిగా రెండు చోట్లా కూర్చుంటే? బోజు తగ్గలేదు, బీరువా మారిందంతే. పది లక్షల జనాభాకి యాభైమంది జడ్జీలుండాలని లా కమిషన్ 1987లోనే చెప్పింది. ఐదేళ్లలో అక్కడికి చేరాలని సుప్రీంకోర్టు 2002లో ఆదేశించింది. ఇవాళ్టికీ అందులో సగం కూడా లేరు. ఈ కమీని ఏ గీతా పూడ్చదు.

ఇంకో మాట. భార్య తానుండే జిల్లాలోనే భరణం అడగొచ్చని కానూన్ చెబుతోంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోనూ ఉంది, 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఉంది. ఎందుకు? చేతిలో పైసా లేని ఆడమనిషిని దూరం తిప్పకూడదనే కదా! కానూన్ ఆమె గడపను చూసింది. గీత గీసినవాళ్లు ఫైళ్ల కట్టనే చూశారు.

అందుకే మన ముతాలబా మూడు మాటలే. ముందు జడ్జిని వేయండి, తర్వాత హద్దు మార్చండి. గవాహీ మొదలైన కేసుని, భరణం అడుగుతున్నామె కోరితే తప్ప, కదపొద్దు. గీత గీసేముందు బస్సు ఎటు పోతుందో చూడండి.

వకీలు, వాయిదా, దావా, జామీను, హాజరు... తెలుగు కచేరీల్లో సగం మాటలు మన ఇంటి జబాన్‌వే. మాటలు మనవైనప్పుడు అడగడానికి ఝిజక్ ఎందుకు? మొహల్లా పెద్దలు, అంజుమన్‌లు కలిసి ఒక దర్ఖాస్తు రాయండి. కులమతాలు చూడకుండా ఆ మండలంలో దావా ఉన్న ప్రతి ఇంటి దస్తఖత్ తీసుకుని హైకోర్టుకి పంపండి.

ఖాలా వచ్చే నెల మళ్లీ రెండు బస్సులు మారాలి.