బంతి బీరువాలో ఉంటే ఆట ఎలా వస్తుంది?



ఈ సంచికకు ఏం రాయాలని మేము పదో తరగతి వాళ్లం కూర్చుని మాట్లాడుకున్నాం. చదువు గురించి, క్రమశిక్షణ గురించి రాసేవాళ్లు ఎలాగూ ఉంటారు, మనం ఫుట్‌బాల్ గురించి రాద్దాం అనుకున్నాం. దానికి కారణం ఉంది. మన హాస్టల్లో ఒక ఫుట్‌బాల్ ఉంది. ఏడాదిలో ఎక్కువ రోజులు అది స్టోర్ రూం బీరువాలోనే ఉంటుంది. వార్షికోత్సవం పోటీల ముందు బయటికి తీసి గాలి కొట్టిస్తాం. పోటీలు కాగానే మళ్లీ లోపల పెట్టి తాళం వేస్తాం.

సాయంత్రం ఆటల గంటలో మనం ఆడేది క్రికెట్. క్రికెట్ మీద మాకు కోపం లేదు, మాకూ ఇష్టమే. కానీ ఒక్క బ్యాటు ఉన్నచోట బ్యాటింగ్ ఎప్పుడూ పెద్దవాళ్లకే వస్తుంది. ఐదు, ఆరు తరగతుల తమ్ముళ్లు తుమ్మచెట్ల దగ్గర నిలబడి బంతి ఏరుకొస్తారు. మేమూ ఒకప్పుడు అలాగే ఏరాం. మా వంతు వచ్చాక మేమూ వాళ్ల చేత ఏరించాం. అందుకే ఈ వ్యాసంలో ముందుగా మా తప్పే ఒప్పుకుంటున్నాం. ఫుట్‌బాల్‌లో ఒక్క బంతితో 22 మంది ఒకేసారి ఆడవచ్చు. మనలాంటి హాస్టల్‌కు ఇంతకంటే తగిన ఆట లేదని మా అభిప్రాయం.

ఇది పెద్దింటి పిల్లల ఆట అని కొందరు అనుకుంటారు. మొదట్లో అది కొంతవరకు నిజమే. ఇంగ్లండులో ధనవంతుల పిల్లలు చదివే బడుల్లో ఒక్కో బడికి ఒక్కో నియమం ఉండేది. ఒకచోట బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తవచ్చు, మరోచోట పనికిరాదు. ఎదుటివాడి పిక్కల మీద తన్నడం కూడా కొన్నిచోట్ల ఆటలో భాగమే. రెండు బడులవాళ్లు కలిస్తే ఆట కన్నా తగాదా ఎక్కువయ్యేది. 1863 అక్టోబర్ 26న లండన్‌లో కొన్ని క్లబ్బులవాళ్లు సమావేశమై ఫుట్‌బాల్ అసోసియేషన్‌ను ఏర్పాటు చేశారు. ఆ ఏడాది చివరికల్లా బంతి పట్టుకుని పరిగెత్తరాదు, కాళ్ల మీద తన్నరాదు అని నిర్ణయించారు. అది నచ్చని బ్లాక్‌హీత్ క్లబ్బు బయటికి వెళ్లిపోయింది. చేత్తో పట్టుకుని ఆడే ఆట తర్వాత రగ్బీగా స్థిరపడింది.

నియమాలు అందరికీ ఒకటే అయ్యాక ఆట బడి గోడలు దాటింది. 1883లో ఎఫ్.ఏ. కప్ ఫైనల్ జరిగింది. ఒకవైపు ఈటన్ అనే ఖరీదైన బడిలో చదివినవాళ్ల జట్టు, అంతకుముందు ఏడాది విజేతలు. మరోవైపు బ్లాక్‌బర్న్ ఒలింపిక్, మిల్లు ఊరి జట్టు. అందులో నేతపనివాళ్లు, ప్లంబరు, ఇనుప ఫౌండ్రీ కార్మికుడు ఉన్నారు. అదనపు సమయంలో 2-1తో పనివాళ్లే గెలిచారు. ఆ తర్వాత మళ్లీ ఏ పెద్దబడి జట్టూ ఆ కప్పు అందుకోలేదు.

మన దేశంలోనూ అలాంటి ఘట్టం ఉంది. 1911 జులై 29న కలకత్తాలో ఐ.ఎఫ్.ఏ. షీల్డ్ ఫైనల్లో మోహన్ బగాన్ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించింది. మోహన్ బగాన్‌లో ఒక్కరికి తప్ప ఎవరి కాళ్లకూ బూట్లు లేవు. మనల్ని పాలిస్తున్న వాళ్ల సైన్యం జట్టును మనవాళ్లు ఓడించారని దేశమంతా పొంగిపోయింది.

అయితే ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ కథ విని "పేదపిల్లలు ఒట్టి కాళ్లతో ఆడినా గెలుస్తారులే" అని ఎవరూ అనకండి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండానే చలిలో ఆడారు. యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయారు. దాని తర్వాతే మన దగ్గర బూట్లు తప్పనిసరి అయ్యాయి. పట్టుదల ఉన్నా పరికరం కూడా కావాలి, నేర్పేవాడు కూడా కావాలి.

నేర్పేవాడంటే సయ్యద్ అబ్దుల్ రహీం గారి పేరే మాకు ముందు గుర్తొస్తుంది. ఆయన మన హైదరాబాద్ మనిషి, బడిపంతులు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టుకు శిక్షకుడిగా 1951లోనూ, 1962లోనూ ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చారు. మధ్యలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఎడమ కాలు బలహీనమైతే ఆ కాలితో మాత్రమే ఆడాలని పోటీలు పెట్టేవారట. 1962 జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించినప్పుడు ఆయన క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. మరుసటి ఏడాదే కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం రాలేదు. 2024లో ఆయన జీవితం మీద 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చేదాకా మాలో చాలామందికి ఆయన పేరే తెలియదు. అది కూడా మా తప్పే.

చెల్లెళ్లకూ ఒక మాట. 1920 డిసెంబర్ 26న లివర్‌పూల్‌లో డిక్ కెర్ అనే ఫ్యాక్టరీలో పుట్టిన మహిళల జట్టు ఆట చూడటానికి 50 వేల మందికి పైగా వచ్చారు. మరుసటి ఏడాదే ఈ ఆట ఆడవాళ్లకు తగదని చెప్పి అక్కడి ఫుట్‌బాల్ అసోసియేషన్ తన క్లబ్బుల మైదానాలను వాళ్లకు మూసేసింది. మళ్లీ తెరవడానికి దాదాపు 50 ఏళ్లు పట్టింది. వాళ్లకు ఆట చేతకాక కాదు, మైదానం ఇవ్వకపోవడం వల్ల ఆగిపోయారు. ఈరోజు మన నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోతు సౌమ్య భారత జట్టు తరఫున ఆడింది. మైదానం తెరిస్తే ఏమవుతుందో ఆమెను చూస్తే తెలుస్తుంది.

ఇక మన గ్రౌండులో తగాదాలు ఎందుకొస్తాయి? నియమాలు ఎవరికీ సరిగా తెలియక. ముఖ్యమైనవి ఇక్కడ రాస్తున్నాం. జట్టుకు 11 మంది, అందులో ఒకరు గోల్‌కీపర్. ఆట 45 నిమిషాల చొప్పున రెండు భాగాలు. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. బంతి గీతను పూర్తిగా దాటితేనే గోల్. పక్కగీత దాటితే రెండు చేతులతో తల మీదుగా త్రో వేయాలి. మన పెనాల్టీ ఏరియాలో మనవాడు పెద్ద తప్పు చేస్తే ఎదుటివాళ్లకు 11 మీటర్ల నుంచి పెనాల్టీ కిక్. పసుపు కార్డు హెచ్చరిక, ఎరుపు కార్డు వస్తే బయటికి. అందరూ గొడవపడేది ఆఫ్‌సైడ్ దగ్గర. తోటివాడు బంతి అందించే క్షణంలో ఎదుటివాళ్ల సగంలో ఉండి, బంతి కన్నా, ఎదుటి జట్టులో చివరి నుంచి రెండోవాడి కన్నా కూడా గోల్‌కు దగ్గరగా ఉండి ఆటలో కలగజేసుకుంటే ఆఫ్‌సైడ్. త్రో, కార్నర్, గోల్ కిక్ నుంచి నేరుగా వచ్చిన బంతికి ఆఫ్‌సైడ్ లేదు. వీటిని చార్టు మీద రాసి నోటీసు బోర్డు పక్కన అంటిస్తున్నాం.

చివరగా మా విన్నపాలు మూడే. వార్డెన్ సార్‌కు: వారంలో మూడు సాయంత్రాలు బంతి బయటికి ఇవ్వండి సార్, అరిగిపోతే అరిగిపోనివ్వండి. బంతి అరిగిందంటే పిల్లలు ఆడారని అర్థం. పూర్వ విద్యార్థులైన అన్నలకు: వార్షికోత్సవానికి శాలువాలు, జ్ఞాపికలు తేవద్దు. ఒక బంతి, నాలుగు జతల బూట్లు తెండి. అవి కుదరకపోతే ఒక ఆదివారం వచ్చి విజిల్ పట్టుకుని నిలబడండి. తొమ్మిదో తరగతి తమ్ముళ్లకు: చిన్నవాళ్లతో బంతి ఏరించకండి, పాస్ ఇవ్వండి. పెద్దవాళ్ల దెబ్బలు తగులుతాయనుకుంటే వాళ్లకు వేరే గంట పెట్టండి.

వచ్చే సంచిక వచ్చేనాటికి మేము ఇక్కడ ఉండం. మమ్మల్ని వార్షికోత్సవానికి పిలిస్తే తప్పక వస్తాం. వచ్చి ముందు స్టోర్ రూం బీరువా తెరిచి చూస్తాం. అందులో బంతి కనబడకూడదని మా కోరిక.

ఇట్లు,
మీ పదో తరగతి అన్నలు