సీతాఫలం మందు కాదు, పండు

ఆగస్టు చివర్లో మొదలై దీపావళి దాకా సికింద్రాబాదులో ఒక వాసన తిరుగుతుంటుంది. స్టేషను బయట, మోండా మార్కెట్ సందుల్లో, చిలకలగూడ చౌరస్తాలో గంపలు దిగుతాయి. పండిన సీతాఫలం దాచుకునే రకం కాదు. లాప్‌టాప్ బ్యాగులో ఒకటి పెట్టుకుని మెట్రో ఎక్కి చూడండి, రాయదుర్గం వచ్చేలోపు పెట్టె మొత్తానికి తెలిసిపోతుంది. ఈ పండు పేరు పెట్టుకున్న పేటే ఉంది మాకు, సీతాఫల్‌మండి. అదే పేరుతో ఎమ్ఎమ్‌టీఎస్ స్టేషను కూడా ఉంది. మామిడికి, జామకి లేని గౌరవం ఇది.

గౌరవం సంగతి సరే. నా బాధల్లా ఈ పండుకి ఈ మధ్య పట్టిన గతి గురించి. సీజను మొదలవగానే ఆఫీసు గ్రూపుల్లో రెండు రకాల మెసేజీలు తిరుగుతాయి. ఒకటి, "షుగర్ ఉన్నవాళ్ళకి సీతాఫలం విషం". రెండోది, "ఈ జాతి పండు కీమోథెరపీ కన్నా పదివేల రెట్లు శక్తివంతం". రెండూ ఫార్వర్డ్ చేసేది ఒక్కడే, అదీ వారం తేడాలో! ప్రొడక్షన్‌లో ఒక్క లైను మార్చాలంటే ముగ్గురి చేత రివ్యూ చేయించే మనం, అమ్మానాన్నల ఆరోగ్యానికి సంబంధించిన ముక్కని మాత్రం చదవకుండానే ముందుకి తోసేస్తాం.

మొదటి దాని సంగతి చూద్దాం. వంద గ్రాముల సీతాఫలం గుజ్జులో సుమారు 94 కేలరీలు, 24 గ్రాముల దాకా పిండి పదార్థాలు ఉంటాయి. వంద గ్రాముల తెల్లన్నంలో సుమారు 130 కేలరీలు, 28 గ్రాముల పిండి పదార్థాలు. అంటే ఒక మోస్తరు పండు ఒక చిన్న కప్పు అన్నంతో సమానం అనుకోవచ్చు. పైగా పండులో 4 గ్రాముల పైన పీచు ఉంది, తెల్లన్నంలో అది దాదాపు లేనట్టే. మధ్యాహ్నం కాంటీన్‌లో ప్లేటు నిండా అన్నం రెండుసార్లు వడ్డించుకుని, సాయంత్రం ఒక పండు చూసి "అమ్మో షుగర్" అనడం ఎక్కడి లెక్క? ఇది తీపి పండే, కాదనను. షుగర్ ఉన్నవాళ్ళు నాలుగు పళ్ళు తినమని కూడా అనను. సగం పండు తిని, ఆ పూట అన్నం ఒక గరిటె తగ్గించి, తర్వాత మీటర్ పెట్టి చూసుకోవచ్చు. ఎంత తినొచ్చో మీ డాక్టరునీ, మీ మీటర్‌నీ అడగండి, గ్రూపుని కాదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం ముందే అడగాలి, ఇందులో పొటాషియం కూడా బాగానే ఉంటుంది మరి.

ఇక మంచి విషయాలు. వంద గ్రాముల్లో సుమారు 36 మిల్లీగ్రాముల విటమిన్ సి, అంటే పెద్దవాళ్ళకి రోజుకి కావలసిన దాంట్లో దగ్గర దగ్గర సగం. బి6 కూడా ఉంది. రోజంతా కుర్చీకి అతుక్కుని బిస్కెట్లూ టీలతో గడిపేసే మన కడుపుకి పీచు ఎంత అవసరమో నేను చెప్పక్కర్లేదు. ఒక పండుకి ఇంతకన్నా ఏం కావాలండీ?

కానీ మనకి పండు పండుగా ఉంటే చాలదు, మందు అయిపోవాలి. పదివేల రెట్ల కథ అక్కడే పుట్టింది. నిజానికి ఆ కథ సీతాఫలానిది కాదు, దాని చుట్టం లక్ష్మణఫలానిది. ఆ చెట్టు నుంచి తీసిన కొన్ని రసాయనాలు ల్యాబులో, గాజు పాత్రలో పెట్టిన క్యాన్సర్ కణాలని చంపాయి. అంతవరకు నిజం. గాజు పాత్రలో కణాలని బ్లీచింగ్ పౌడరూ చంపుతుంది! మన భాషలో చెప్పాలంటే ఇది "నా మెషీన్‌లో పనిచేసింది" అనే రకం మాట. మనుషుల మీద సరైన పరీక్షలు చేసి, ఈ పండో ఆకు కషాయమో క్యాన్సర్ నయం చేస్తుందని ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు.

"పోనీలే, తాగితే నష్టం ఏముంది" అంటారు కొందరు. ఉంది. కరీబియన్ సముద్రంలో గ్వాడెలూప్ అనే ఫ్రెంచి ద్వీపం ఉంది. అక్కడ మామూలు మందులకి లొంగని, పార్కిన్సన్స్ లాంటి జబ్బు మరీ ఎక్కువగా కనిపిస్తోందని 1999లో లాన్సెట్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. ఆ రోగుల్లో ఈ జాతి పళ్ళు, ఆకుల కషాయం బాగా వాడినవాళ్ళు ఎక్కువమంది. లక్ష్మణఫలంలో ఉండే అనోనాసిన్ అనే పదార్థం నరాల కణాలకి హాని చేస్తుందని తర్వాత ల్యాబుల్లో తేలింది. అదే కారణమని పూర్తిగా రుజువు కాలేదు, నిజమే. దీన్ని చూసి సీజన్లో నాలుగు సీతాఫలాలు తినేవాళ్ళు భయపడాల్సిన పనీ లేదు. కానీ మందు పేరుతో ఏడాది పొడుగునా ఆకులు మరిగించి తాగేవాళ్ళు ఆగి ఆలోచించాలి. అన్నిటికన్నా పెద్ద నష్టం వేరే ఉంది. కషాయాన్ని నమ్ముకుని ఆస్పత్రికి వెళ్ళడం మూడు నెలలు వాయిదా వేస్తే, ఆ మూడు నెలలు మళ్ళీ రావు. క్యాన్సర్‌లో రోల్‌బ్యాక్ ఉండదు.

గింజల సంగతి కూడా చెప్పాలి. పేలు పోవడానికి సీతాఫలం గింజల పొడి తలకి రాయడం మన ఊళ్ళలో పాత అలవాటు. అది పొరపాటున కంట్లో పడితే నల్లగుడ్డు మీది పొర దెబ్బతింటుంది. ఇలాంటి కేసులు మన దేశంలో కంటి డాక్టర్లు చూశారు, వైద్య పత్రికల్లో రాశారు. మిల్క్‌షేక్ చేసేటప్పుడు గింజలు ఒక్కటి కూడా లేకుండా తీసి మిక్సీ వెయ్యండి. గింజ పొరపాటున మింగితే అలాగే బయటికి పోతుంది, నలిగితేనే చిక్కు.

ఈ పండుకి "సీత" పేరు పెట్టుకుని మన పురాణమంత పాతది అనుకుంటాం గానీ, ఎక్కువమంది శాస్త్రజ్ఞుల లెక్కలో దీని పుట్టిల్లు అమెరికా ఖండపు వేడి ప్రాంతాలు. పోర్చుగీసుల కాలంలో ఇటు వచ్చిందంటారు. మనవాళ్ళు వీసాల కోసం అటు పరిగెడుతుంటే, ఇది ఎప్పుడో ఇటు వచ్చి గ్రీన్‌కార్డు తీసేసుకుంది! అక్కడున్న మిత్రులు చెరిమోయా కొనుక్కుని సరిపెట్టుకుంటుంటారు, కాలిఫోర్నియాలో పండే ఈ పండు చుట్టమే అది.

ఇక్కడికి వచ్చి ఎక్కడ స్థిరపడింది? పాలమూరు రాళ్ళ నేలల్లో. బాలానగర్ రకం అంటే మన ఫ్యాక్టరీల బాలానగర్ కాదు, జడ్చర్ల దగ్గర బెంగుళూరు హైవే మీదున్న బాలానగర్. నీళ్ళు పెట్టక్కర్లేదు, మందు కొట్టక్కర్లేదు, ఆకుని మేకలు కూడా ముట్టవు. గుట్టల మీద కాయలు ఏరి, గంపకెత్తి తెచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. కాయ పండితే రెండు రోజులు ఆగదు, అది బేరం ఆడేవాడికీ తెలుసు. సాయంత్రమయ్యేకొద్దీ ధర పడిపోతుంటుంది. యాప్‌లో గడ్డకట్టిన గుజ్జుకి అడిగినంత ఇచ్చి, గంప దగ్గర పది రూపాయలకి పావుగంట వాదించే మనల్ని ఏమనాలి?

కొనేటప్పుడు కళ్ళు విచ్చుకుని, వాటి మధ్య గాళ్ళు తెల్లబారిన కాయలు చూసి తీసుకోండి. కళ్ళు దగ్గరగా ముడుచుకుని ఉన్నది పండదు, నల్లబడిపోతుంది. గట్టి కాయని ఫ్రిజ్‌లో పెట్టకండి. బియ్యం డబ్బాలోనో గడ్డిలోనో రెండు మూడు రోజులు మగ్గనివ్వండి. రోజూ ఒకటి చొప్పున పండేలా కాయలు ఏరుకోవడం కూడా ఒక రకం షెడ్యూలింగే.

నా మాట ఇంతే. జబ్బుకి డాక్టరు ఉన్నాడు, ఆకలికి అన్నం ఉంది. సీతాఫలం ఉన్నది సంతోషానికి. దానికి అంతకు మించిన ఉద్యోగం ఇవ్వకండి. ఈసారి ఆ మెసేజీ వస్తే ఫార్వర్డ్ చెయ్యకుండా, పంపినాయన్ని పిలిచి ఒక పండు చేతిలో పెట్టండి. తింటున్నంతసేపూ రెండు చేతులూ ఖాళీ ఉండవు, ఫోను ముట్టుకోలేడు!