ఖాతా రాసే మున్షీ

రేషన్ కార్డులో నా పేరు ఒకలా, స్కూలు సర్టిఫికెట్‌లో మరోలా ఉంది. ఆ ఒక్క హర్ఫ్ తేడాకి ఆఫీసుల చుట్టూ ఎన్ని చక్కర్లు కొట్టానో అల్లాకే తెలుసు. రికార్డు గలత్ అయితే మనిషి ఉన్నా లేనట్టే. జరాసీమ్ సంగతీ అంతే.

ఏ జీన్ ఉంటే క్రిమి ఏ యాంటీబయాటిక్‌కి లొంగదో రాసిపెట్టే డేటాబేస్‌లున్నాయి. రోగి నుంచి తీసిన క్రిమి జీన్లను ల్యాబ్ వాళ్లు వాటితో పోల్చి చూస్తారు. అమెరికాలో 2009లో వచ్చిన ఏఆర్‌డీబీని తర్వాత తాజా చేసేవాళ్లు లేకపోయారు. 2015లో చైనాలో ఎంసీఆర్-1 జీన్ బయటపడింది. ఆఖరి ఆసరాగా దాచుకున్న కొలిస్టిన్‌ని అది బేఅసర్ చేస్తుంది. పాత ఖాతాలో వెతికితే ‘లేదు’ అనే వస్తుంది. ఖాతాయే లేకపోవడం కంటే ఈ తప్పుడు తసల్లీ ఖతర్‌నాక్.

ఇది దూరపు ముచ్చట కాదు. ఆ కొలిస్టిన్ మన కోళ్ల దాణాలోనూ పడేది. 2019లో సర్కారు దాన్ని ఆపింది. అంటే ఈ హిసాబ్ మన దస్తర్‌ఖాన్ దాకా వచ్చిందన్నమాట.

ఇప్పుడు కెనడాలోని ‘కార్డ్’ లాంటివి ఆ ఖాతా రాస్తున్నాయి. మనుషులే కూర్చుని పరిశోధనలు చదివి, సబూత్ చూసి ఒక్కో జీన్‌ని ఎక్కిస్తారు. కొత్త దవా కనిపెట్టినవాళ్లకి ఇనామ్‌లిస్తాం, ఈ మున్షీ జీతానికి మాత్రం చెయ్యి రాదు. నా రాయ్ ఒక్కటే: ఆ జీతం కూడా ఇలాజ్ ఖర్చే.