పేరు చూసి నమ్మవద్దు



గత నెలలో మేము కుటుంబమంతా ఒక పెండ్లికి వెళ్లి తిరిగివస్తూ ఒక పెద్ద రైల్వే జంక్షన్‌లో ఆగవలసి వచ్చింది. బండి రెండు గంటలు ఆలస్యం. మా అబ్బాయి పరీక్ష ఫీజు కట్టడానికి ఆ రాత్రే ఆఖరి గడువు. వాడి ఫోనులో డేటా అయిపోయింది. వెదికితే స్టేషన్ పేరుతోనే ఒక ఉచిత వైఫై కనిపించింది. నొక్కగానే ఒక పేజీ తెరుచుకొని, ధ్రువీకరణ కొరకు ఒక్క రూపాయి కట్టమని బ్యాంకు కార్డు నంబరు అడిగింది. వాడు సగం అంకెలు కొట్టేశాడు కూడా. వాళ్లమ్మ చూచి, "ఊరికే ఇచ్చేదానికి కార్డు ఎందుకురా?" అన్నది. ఆ ఒక్క మాట మమ్మల్ని ఆపింది. ఆ ఖాతాలో ఉన్నది వాడి చదువు కొరకు ఏడాదిగా కూడబెట్టిన సొమ్ము! చివరకు మా ఫోనులోని డేటాతో ఫీజు కట్టించాము.

ఆ వైఫై ఎవరు పెట్టారో మాకు నేటికీ తెలియదు. వైఫైకి ఏ పేరైనా పెట్టుకొనవచ్చును. పక్క బెంచీ మీద కూర్చున్న మనిషి తన ఫోను హాట్‌స్పాట్‌కు స్టేషన్ పేరే పెట్టవచ్చును. 2016 జనవరిలో ముంబయి సెంట్రల్‌లో మొదలై, 2021 మే నాటికి 6,000 స్టేషన్లకు చేరిన రైల్‌టెల్ సంస్థ వైఫై 'రైల్‌వైర్' అనే పేరుతో వస్తుంది. ఉచిత వాడకానికి అది మొబైల్ నంబరు, దానికి వచ్చే ఓ.టి.పి. మాత్రమే అడుగుతుంది. అయితే దొంగ ఆ పేరును కూడా అనుకరించగలడు. గనుక పేరును కాదు, అది ఏమి అడుగుతున్నదో చూడండి.

కొందరు తాళం గుర్తు ఉంటే చాలునంటారు. మనకూ ఆ వెబ్‌సైటుకూ మధ్య నడిచే సమాచారం మధ్యలో ఎవరూ చదవలేరని మాత్రమే దాని అర్థం. ఆ వెబ్‌సైటు యజమాని మంచివాడని కాదు. దొంగ పేజీకి కూడా తాళం ఉండవచ్చును.

మా ఇంట్లో ఇప్పుడు పాటిస్తున్నవి ఇవి:

1. బ్యాంకు పని, చెల్లింపులు సొంత మొబైల్ డేటాతోనే. బయటి వైఫై వార్తలు చూచుకొనడానికే.

2. ఫోను దానంతటదే వైఫైకి కలిసే ఏర్పాటు తీసివేశాము. పని కాగానే వైఫై ఆపివేస్తాము.

3. 'ఈ కనెక్షన్ సురక్షితం కాదు' అని ఫోను హెచ్చరిస్తే వెనుకకు మళ్లుతాము.

4. వైఫై కొరకు ఏదైనా యాప్ దించుకొమ్మంటే దించుకోము.

ఒకవేళ మోసపోతే వెంటనే బ్యాంకుకు చెప్పి కార్డు ఆపించండి. 1930 నంబరుకు ఫోను చేయండి. ఆలస్యమైనకొద్దీ డబ్బు చేతులు మారుతుంది. పిల్లలు తిడతారేమోనని భయపడి దాచిపెడతారు, పెద్దలు సిగ్గుపడి దాచిపెడతారు. ఆ దాపరికం దొంగకే లాభం. ఈ రాత్రి భోజనాలయ్యాక అందరూ కలిసి కూర్చొని ఫోనులు సరిచూచుకొనండి. ఏమి జరిగినా ముందు ఇంట్లో చెప్పవచ్చునని పిల్లలకు ధైర్యమివ్వండి.