బంగారు పరమాణువుకు పీట



పెళ్ళిళ్ళ కాలం వచ్చిందంటే జమ్మలమడుగు నుంచీ, పులివెందుల నుంచీ జనం నగల కోసం ప్రొద్దుటూరు వెళుతుంటారు. ఆ ఊరి బంగారు అంగళ్ళను గురించి మన కడప జిల్లాలో తెలియనివారు లేరు. అవ్వ మెడలోని గొలుసు ఎన్నేళ్ళయినా వన్నె తగ్గదు. ఎందుచేత? బంగారం గాలితో గాని, నీటితో గాని సులభంగా కలియదు. అందుచేతనే రసాయన శాస్త్రజ్ఞులు చాలాకాలం దానిని సోమరి లోహంగా ఎంచారు.

అయితే 1980 తరువాతి సంవత్సరాలలో జపాను శాస్త్రజ్ఞుడు హరుతా ఒక చిత్రం చూచాడు. బంగారాన్ని కంటికి కనబడనంత చిన్న రేణువులుగా చేసి, కొన్ని లోహాల ఆక్సైడు పొడుల మీద నిలిపితే, అది కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువును ఆక్సిజనుతో కలిపి కార్బన్ డయాక్సైడుగా మార్చివేసింది. అదీ నీరు గడ్డకట్టే చలిలో! బంగారం మాత్రం తరగలేదు. ఇలా తాను తరగకుండా రసాయన చర్యను త్వరపరచే పదార్థాన్ని ఉత్ప్రేరకం అంటారు.

ముద్దబంగారం చేయలేని పని రేణువు ఎలా చేసింది? కారణాలలో ఒకటి మీ లెక్కల పుస్తకంలోనే ఉంది. పొడవు, వెడల్పు, ఎత్తులలో పదేసి పరమాణువులు పేర్చి ఒక ఘనం కట్టామనుకోండి. మొత్తం 1000. వాటిలో 512 లోపల దాగిపోతాయి. 488 మాత్రమే పైకి కనబడతాయి. ఉత్ప్రేరకం పని చేసేది పైభాగంలోనే. లోపలివి ఊరికే కూర్చున్నట్టే! అన్నిటినీ విడివిడిగా కూర్చోబెడితే వేయీ పనిలోకి వస్తాయి.

అంగడి ఊడ్చిన దుమ్ములోని బంగారాన్ని కూడా కంసాలి పోనివ్వడు కదా? శాస్త్రజ్ఞులదీ అదే పొదుపు. మోటారు కార్ల పొగలోని విషవాయువులను మార్చడానికి ప్లాటినం, పలాడియం వంటి ఖరీదైన లోహాలు వాడుతున్నారు. ప్రతి పరమాణువూ పనిచేస్తే కొద్ది లోహంతోనే గడుస్తుంది. 2011లో చైనా శాస్త్రజ్ఞుడు జాంగ్ టావో, ఆయన సహచరులు ఐరన్ ఆక్సైడు మీద ప్లాటినం పరమాణువులను ఒక్కొక్కటిగా నిలిపి పని చేయించారు.

కాని ఒక చిక్కు ఉంది. చారు మీద తేలే నేతిచుక్కలను చూడండి. దగ్గరికి వస్తే ఒకటైపోతాయి. ఒంటరి పరమాణువులు కూడా, వేడి తగిలితే జరిగి జరిగి ముద్దకట్టుకుంటాయి. కనుక ఒక్కొక్కదానికి కదలని పీట కావాలి.

అటువంటి పీటలలో ఒకటి టైటానియం డయాక్సైడు. గోడల రంగులకు తెలుపునిచ్చే పొడి ఇదే. దీనిని తీసే ఇల్మనైటు ఖనిజం భీమునిపట్నం వంటి మన సముద్రతీరాల నల్ల ఇసుకలో ఉంది. ఈ పొడి స్ఫటికాలలో టైటానియం, ఆక్సిజను పరమాణువులు వరుసలు తీరి ఉంటాయి. వరుసలో ఒక ఆక్సిజను లోపిస్తే అక్కడ ఖాళీ ఏర్పడుతుంది. బంగారు పరమాణువు ఆ ఖాళీలో కూర్చుని, పక్కనున్న వాటితో గట్టిగా బంధం కట్టుకుంటుంది. లోపమే పీట అయింది, చూచారా!

ఈ తెల్లపొడికి మన జిల్లాలో కూడా పని ఉంది. 2006లో ఏర్పడిన కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో దీనికి రాగి వంటి లోహాలు చేర్చి, సూర్యకాంతి సాయంతో, గ్లిసరాలు కలిపిన నీటి నుండి హైడ్రోజను తీసే పరిశోధనలు చేశారు. హైడ్రోజను మండితే మిగిలేది నీరే. రేపటి ఇంధనాలలో అదొకటి.

ఎంత వేడిలోనైనా, ఎన్నేళ్ళయినా పరమాణువు లేవకుండా ఉండే పీటను చేయడం ఇంకా మిగిలిన పని. అది మీలో ఎవరి కోసం కాచుకొని ఉందో!

ఇంటి లెక్క: నాలుగేసి పరమాణువులతో కట్టిన ఘనంలో దాగినవెన్ని? చెక్కముక్కలు పేర్చి చూచి, మీ నాన్నగారికి చెప్పండి.