ముందు చూడాల్సింది ఎర్త్ వైరు



ఇంజిన్ మార్చాక మోటార్ సైకిల్ స్టార్ట్ కాకపోతే మొదట కార్బురేటర్ విప్పమని మీ పత్రిక గత సంచికలో వ్యాసకర్త రాశారు. బస్తర్ దక్షిణాన, కోంటలో ఏళ్లుగా బండ్లు బాగుచేస్తున్న నేను దీన్ని ఒప్పుకోలేను.

ఇంజిన్ దించి ఎక్కించేటప్పుడు కదిలేవి వైర్లు, గొట్టాలు. ముందు ఎర్త్ వైరు కొసన తుప్పు గీకి గట్టిగా బిగించాలి. తర్వాత ప్లగ్ విప్పి, ఇంజిన్‌కు ఆనించి కిక్ కొట్టి స్పార్క్ చూడాలి. రాకపోతే స్పార్క్‌ను నడిపే సీడీఐ యూనిట్, పికప్ కాయిల్ ఒకదానికొకటి సరిపోతున్నాయా చూడాలి. స్పార్క్ ఉండీ బండి స్టార్టయి ఆగిపోతుంటే, కార్బురేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఓ-రింగ్ దగ్గర గాలి లాగుతోందేమో చూడాలి. కార్బురేటర్ విప్పడం ఆ తర్వాతే.

వ్యాసంలో రాని మాట ఇంకొకటుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజిన్ మార్పు ఆర్సీలో ఎక్కాలి. ముందు అనుమతి లేకుండా మార్చినవారు 14 రోజుల్లో ఆర్టీవోకు తెలపాలి. లేకుంటే బీమా దగ్గర చిక్కులొస్తాయి.

మా అడవి ఊళ్లలో రోగిని ఆసుపత్రికి చేర్చేది తరచుగా ఈ బండే. అది దారిలో ఆగకూడదు.

— ఒక మెకానిక్, కోంట, సుక్మా జిల్లా